పేరులేని ఉద్యోగం

ఉద్దానంలో ఒక డయాలసిస్ కేంద్రం మెట్ల మీద మొన్నామధ్య ఒక పూటంతా కూర్చున్నాను. లోపల మంచాల మీద ఎక్కువమంది మగవాళ్ళు. బయట వాళ్ళ భార్యలు, తల్లులు, ఒకరిద్దరు కోడళ్ళు. ఒకసారి యంత్రం తగిలిస్తే నాలుగు గంటలు. వారానికి రెండుసార్లో మూడుసార్లో. అంటే ఈ ఆడవాళ్ళు వారంలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఈ మెట్ల మీదే గడుపుతున్నారన్నమాట. రానూ పోనూ పట్టే సమయం లెక్కలో లేదు, పోయిన కూలీ అసలే లెక్కలో లేదు. ఈ జబ్బు ఆడవాళ్ళకి రావటం లేదా అని అడిగాను. పక్కన కూర్చున్నామె నవ్వింది. "రాకేటమ్మా! వారానికి మూడు దఫాలు మమ్మల్ని ఎవులు తీసుకొస్తారు?" అంది.

ఆ రోజు ఆ మెట్ల మీద మరో స్త్రీ కూడా ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. భుజాన గుడ్డసంచి, చేతిలో నోటుపుస్తకం. ఒకరితో తెలుగులో మాట్లాడుతోంది, పక్కామె వైపు తిరిగి ఒడియాలోకి మారిపోతోంది. మందస కొండల వైపు నుంచి వచ్చిన ఒక సవర తల్లితో వచ్చీరాని నాలుగు సవర మాటలు కలిపి, మిగతాది చేయి పట్టుకుని నడిపిస్తోంది. ఆమె చేసే ఈ పనికి పేరేమిటి? అక్కడివాళ్ళనే అడిగాను. ఒకరు "కౌన్సిలింగమ్మ" అన్నారు. ఇంకొకరు "మీటింగమ్మ" అన్నారు. పాతకాలం నుంచి ఎరిగిన ఒక ముసలామె ఇప్పటికీ "ఎయిడ్సు మేడమ్" అంటుంది. ఆమె ఏ ప్రాజెక్టులో పనిచేస్తుంటే ఆ ప్రాజెక్టు పేరే ఆమె పేరయింది. ఇరవై ఏళ్ళలో ఆరు ప్రాజెక్టులు, ఆరు పేర్లు.

ఆమె అసలు పేరు నేనిక్కడ రాయను. ఆమె వద్దంది. అందులో వినయం కన్నా జాగ్రత్త ఎక్కువ. వచ్చే మార్చి తర్వాత ఏ కాంట్రాక్టు దొరుకుతుందో తెలియనివాళ్ళు పత్రికల్లో పేరు పడటాన్ని కోరుకోరు.

ఆమెను నేను మొదటిసారి 2006లో చూశాను. అప్పుడు నేను పిహెచ్.డి. పనిమీద పలాస-కాశీబుగ్గ జీడి కర్మాగారాల్లో స్త్రీ కార్మికుల వెంట తిరుగుతున్నాను. జీడిపిక్క కొట్టి, పొట్టు తీసి, గుండు, బద్ద వేరుచేసే పని చాలావరకు ఆడవాళ్ళది. కిలోల లెక్కన కూలి. పిక్కలోని జీడినూనె తగిలి వేళ్ళ చర్మం నల్లబడి ఊడిపోతుంది. నా ప్రశ్నావళిలో చేతుల గురించి, కూలి గురించి, సంఘం గురించి చాలా ప్రశ్నలున్నాయి. వాళ్ళు వాటికి జవాబు చెబుతూ మధ్యలో మరేదో చెప్పేవారు. నిద్ర పట్టదని, గుండె దడదడలాడుతుందని, ఒళ్ళంతా మంటలని, కారణం లేకుండా ఏడుపొస్తుందని. "మనేద అమ్మా" అనేవారు. "బెంగ" అనేవారు. నా ఫారంలో దానికి గడి లేదు. నేను వాటన్నిటినీ "ఇతరాలు" అనే గడిలో వేశాను. నాకు డాక్టరేటు వచ్చింది. ఆ గడి గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అప్పుడామె ఎయిడ్స్ ప్రాజెక్టులో కౌన్సెలరు. నా ఫారాలు తిరగేసి, "ఈ ఇతరాలే నా ఉద్యోగం మేడమ్" అంది. ఆ మాట నాకు అర్థం కావటానికి చాలా ఏళ్ళు పట్టింది.

మానసిక ఆరోగ్యం అనగానే మనకి ఒక డాక్టరు, ఒక గది, ఒక మందుచీటీ కనిపిస్తాయి. పలాస నుంచి విశాఖపట్నం మానసిక వైద్యశాల దాదాపు 200 కిలోమీటర్లు. బరంపురం మెడికల్ కాలేజీ దగ్గరే గానీ అది రాష్ట్రం దాటాలి, కార్డులు మారతాయి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది, 1996లో జిల్లా కార్యక్రమం మొదలైంది. 2017 చట్టం, 2018 మే నుంచి అమల్లోకి వచ్చి, మానసిక వైద్యం పొందటం ప్రతి మనిషి హక్కు అంది. కాగితం మీద ఇది చిన్న విషయం కాదు. కానీ మందు రాసే మనిషి దొరికినా, ఆ మనిషి దగ్గరకు చేరటానికి ముందు జరగాల్సిన మాటలుంటాయి. అవి ఏ భాషలో జరుగుతాయి?

ఉద్దానం ఒక్క భాష నేల కాదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందసల్లో తెలుగు ఇళ్ళ పక్కనే ఒడియా ఇళ్ళు. ఒకే ఇంట్లో అత్త ఒక భాష, కోడలు ఒక భాష. కొండవార సవరలు. తీరం పొడవునా వాడబలిజ, జాలరి ఊళ్ళు. ఒడియా కుటుంబంలో పుట్టిన సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడులో పూజారిగా ఉంటూ తెలుగులో జముకుల కథలు కట్టింది ఇక్కడే. మనం అంతర్జాతీయ సమావేశాల్లో "బహుళ సంస్కృతి" అని గంభీరంగా మాట్లాడుకునే విషయం ఇక్కడ బస్సుస్టాండులో మామూలు సంగతి. తెలుగామె "బెంగ" అన్నదాన్ని ఒడియామె "మొనొ భొలొ నాహి" అంటుంది, మనసు బాగోలేదని. రెండూ ఒకటేనా? కాదంటుంది మన కౌన్సెలరు. బెంగకి ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడట. ఎవరి మీద బెంగో అడగాలట. మనసు బాగోలేదన్నామెను అలా అడిగితే మూసుకుపోతుందట, ముందు ఇంట్లో తిండి సంగతి అడగాలట. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆమె నోటుపుస్తకంలో ఉంది.

సవరల సంగతి మరీ ఆలోచించవలసింది. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించి, వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. సవర మాట మాత్రం ఆ వేదికల మీద తక్కువగా వినిపిస్తుంది. అలాగే, పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు సరిహద్దుకు ఆవలి ఒడిశా కొండల్లో సవరల మధ్య ఉండి 1993లో ఒక పుస్తకం రాశాడు. అక్కడ చనిపోయినవాళ్ళు పూనకంలోకి వెళ్ళిన మనిషి నోటి ద్వారా బతికున్నవాళ్ళతో మాట్లాడతారు. అలా పలికేది ఎక్కువగా స్త్రీలు. బతికున్నవాళ్ళు చుట్టూ కూర్చుని ఏడుస్తారు, దెప్పుతారు, సర్దిచెబుతారు, జోకులు కూడా వేస్తారు. ఒక్కరోజు తంతు కాదది, ఏళ్ళ తరబడి సాగే సంభాషణ. దుఃఖాన్ని ఊరంతా కలిసి మోసే పద్ధతి. ఆయనే 2017లో రాసిన రెండో పుస్తకంలో, కొత్త తరం క్రైస్తవంలోకి వెళ్ళాక ఆ సంభాషణ ఎలా ఆగిపోయిందో చెప్పాడు. పూనకాలను ప్రచారం చేయమని నేననటం లేదు. మూఢనమ్మకం పేరుతో మంత్రగత్తె ముద్రవేసి స్త్రీలను చంపిన చరిత్ర కూడా మన ఏజెన్సీల్లో ఉంది. కానీ దుఃఖంలో ఉన్న మనిషిని మాట్లాడనిచ్చే పనిని కొండమీది స్త్రీలు మనకన్నా చాలా ముందు నుంచీ చేస్తున్నారనీ, దాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదనీ గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంకో చిన్న సంగతి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట మన్యం జిల్లాకు వెళ్ళిపోయింది. గిరిజనాభివృద్ధి సంస్థ దానితోపాటే వెళ్ళింది. మందస, మెళియాపుట్టి సవరలు ఈ జిల్లాలోనే ఉండిపోయారు. ప్రభుత్వం 14416 నంబరుతో 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ తెలుగులో పలుకుతుంది, ఒడియాలో పలుకుతుంది. సవర తల్లి ఆ నంబరు తిప్పి ఏం చెప్పుకోవాలి?

ఈ ప్రాంతపు బెంగలకు తేదీలున్నాయి. 2010 జూలై 14 సోంపేట, 2011 ఫిబ్రవరి 28 కాకరాపల్లి. బీలనూ తంపరనూ థర్మల్ కేంద్రాలకు ఇవ్వబోమన్న జనం మీద పోలీసు కాల్పులు. రెండు చోట్లా ముందు వరసలో స్త్రీలున్నారు. తర్వాత కేసులు, వాయిదాలు ఏళ్ళ తరబడి నడిచాయి. ఆ రోజుల్లో ఆమె టెక్కలి వైపు కిశోర బాలికల ప్రాజెక్టులో ఉండేది. బూటు చప్పుడు వింటే మంచం కిందికి దూరే పిల్లలను తాను చూశానంటుంది. ప్రాజెక్టు నివేదికలో మాత్రం "పౌష్టికాహార ప్రదర్శన: 4, రక్తహీనత పరీక్షలు: 3 గ్రామాలు" అని రాసింది. రాయమన్నది అదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. దసరా రోజులు. ఉద్దానమంటే ఉద్యానవనమే, ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలాయి. కొబ్బరి నాటితే కాపుకు ఏడెనిమిదేళ్ళు. అంటే పోయింది ఒక పంట కాదు, కూతురి పెళ్ళీ కొడుకు చదువూ కలిపి ఒక దశాబ్దం. పరిహారం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. పట్టా మగవాడిది. చెట్లకు నీళ్ళు మోసినామె పేరు ఏ జాబితాలోనూ లేదు. తిత్లీ తర్వాత కొన్ని నెలలపాటు "మానసిక సాంత్వన" ప్రాజెక్టు ఒకటి వచ్చింది. మన కౌన్సెలరు అందులో చేరింది. ఒక ముసలామె కూలిన కొబ్బరిచెట్టు మొదలు దగ్గర రోజూ పొద్దున్నే పోయి కూర్చునేదట. ఇంట్లోవాళ్ళు పిచ్చెక్కిందనుకున్నారు. ఈమె వెళ్ళి పక్కన కూర్చుంది, మందులిచ్చే చోటుకి తీసుకెళ్ళలేదు. మూడో రోజున ముసలామె నోరు విప్పిందట. "ఇది మా పెద్దోడితో సమానమమ్మా. శవాన్ని తియ్యకుండా ఒగ్గేసినట్టుంది" అని. ఊరి కుర్రాళ్ళతో మాట్లాడి ఆ మొద్దును తీయించి, అక్కడే ఒక మొక్క నాటించింది. ముసలామె మామూలు మనిషి అయిందా అంటే, కాలేదు. కానీ మళ్ళీ వండుకుంది. ప్రాజెక్టు ఆరు నెలలకే ముగిసింది. తుపాను ముగియలేదు.

అదే ఏడాది నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ పడవల మీద పనికెళ్ళిన శ్రీకాకుళం జాలర్లు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మంది తిరిగొచ్చారు. దాని మీద సినిమా కూడా వచ్చింది. పట్టుబడ్డవాళ్ళవి ఎక్కువగా ఎచ్చెర్ల వైపు ఊళ్ళు. కానీ ఉద్దానం తీరం నుంచీ ఏటా మగవాళ్ళు అలాగే వలసపోతారు. వాళ్ళ వెనక ఊళ్ళలో ఉన్నది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఇప్పుడు అదే తీరంలో మూలపేట దగ్గర 2023లో శంకుస్థాపన జరిగిన ఓడరేవు వస్తోంది. ఊళ్ళు లేచిపోతున్నాయి. ఊరు లేచిపోవటమంటే ఏమిటో పునరావాస ప్యాకేజీలో రాయలేదు.

ఇక కిడ్నీ జబ్బు. ఏడు మండలాలు, మూడు దశాబ్దాలు, ఎన్నో పరిశోధక బృందాలు. కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో మంచినీళ్ళు వచ్చాయి. ఇవి ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు, జనం అడిగి అడిగి తెచ్చుకున్నవి. కానీ "ఎందుకొచ్చిందో తెలియదు" అన్న మాటతో బతకటం ఎలాగో నేర్పే కేంద్రం ఎక్కడుంది? ఆమె వారానికి రెండు రోజులు హైస్కూలు పిల్లలతో కూర్చుంటుంది. అక్కడ పిల్లలు అడిగే ప్రశ్నలు విన్నాను. "మా నాన్నకుంది, నాకూ వస్తుందా?" "నీళ్ళు తాగొచ్చా?" "ఉద్దానం పిల్లని ఎవరూ చేసుకోరట, నిజమేనా?" ఆ మూడో ప్రశ్న అడిగింది తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆమె అడిగింది పెళ్ళి గురించి అనుకుంటాం. నాన్న యంత్రం ఎక్కే రోజుల్లో అమ్మ వెంట వెళుతుంది కనుక, తమ్ముణ్ణీ వంటనూ ఆవునూ చూసుకునేది ఈ అమ్మాయే. వారానికి రెండు మూడు రోజులు బడి లేదు. పెళ్ళి చేసి పంపేస్తే ఒక భారం తగ్గుతుందని బంధువులంటున్నారు, పెళ్ళి కాదేమోనని మరికొందరు అంటున్నారు. పద్నాలుగేళ్ళ పిల్ల ఆ రెండు మాటల మధ్య నిలబడి ఉంది.

కిశోరులకు విద్య అంటే మన పథకాల్లో బోర్డు మీద పటాలు, ఐరన్ మాత్రలు. 2014లో వచ్చిన కిశోర ఆరోగ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యం కూడా ఒక అంశమే. రాసినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. కానీ ఆ అమ్మాయికి కావలసింది "ఒత్తిడిని జయించటం ఎలా" అనే పాఠం కాదు. డయాలసిస్ రోజుల్లో తమ్ముణ్ణి చూసుకునే మనిషి కావాలి. మన కౌన్సెలరు చేసింది అదే. అంగన్వాడీ కార్యకర్తతో, పక్కింటి ఒడియా ముసలామెతో మాట్లాడి మంగళ, శుక్రవారాలు ఏర్పాటు చేసింది. దీన్ని కౌన్సెలింగ్ అనాలా? ఆమె పై అధికారి అనలేదు. "కేసు వివరాల్లో సెషన్ల సంఖ్య రాయలేదేం?" అని అడిగాడట.

మన ఉద్యమంలో కూడా ఈ పని పట్ల ఒక చిన్నచూపు ఉంది, దాచుకోవటమెందుకు. 1991లో వచ్చిన "సవాలక్ష సందేహాలు" స్త్రీల ఆరోగ్యాన్ని డాక్టర్ల గుప్పిట్లోంచి తీసి మన చేతుల్లో పెట్టిన పుస్తకం. ఆ స్ఫూర్తితో పెరిగిన మేము సైకియాట్రీని అనుమానంగా చూడటం నేర్చుకున్నాం. ఎదురుతిరిగిన ఆడదానికి పిచ్చిముద్ర వేసి విడాకులు తీసుకున్న మొగుళ్ళను చూశాం కనుక ఆ అనుమానం న్యాయమైనదే. అయితే అనుమానంతోనే ఆగిపోయాం. భార్గవి దావర్ ఆగలేదు. పిచ్చాసుపత్రుల్లో మగ్గిన తల్లి పేరుతో 1999లో పుణేలో బాపు ట్రస్టు పెట్టింది, అదే ఏడాది భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద పుస్తకం తెచ్చింది. బస్తీల్లోనే, బస్తీ ఆడవాళ్ళతోనే, తాళాలు లేని సంరక్షణ సాధ్యమని చూపించింది. 2024లో ఆమె చనిపోయినప్పుడు మనలో ఎంతమందిమి ఒక పేజీ రాశాం? మన సభల్లో హింస గురించి మాట్లాడటానికి రోజంతా ఉంటుంది. హింస తర్వాత నిద్రపట్టని రాత్రుల గురించి మాట్లాడటానికి భోజనాల తర్వాత అరగంట.

అలాగని కౌన్సెలింగ్ పేరుతో జరిగేదంతా మంచిదని నేననను. భూమి పోయినామెను "సర్దుకుపోవటం" నేర్పటానికి పంపే కౌన్సెలర్లూ ఉన్నారు. తాగొచ్చి కొట్టేవాడి ఇంటికి తిప్పి పంపేవాళ్ళూ ఉన్నారు. ఒక స్వచ్ఛంద సంస్థ మన కౌన్సెలరుని, ఊరు ఖాళీ చేయనంటున్న ఆడవాళ్ళకి "పాజిటివ్ ఆలోచన" మీద శిక్షణ ఇమ్మంది. ఆమె వెళ్ళనంది. ఆ ఏడాది ఆమె కాంట్రాక్టు కొనసాగలేదు. ఆ సంస్థ పేరు అవసరం లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చూడండి. 2017 చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కరు అంటే సోషల్ వర్కులో పి.జి., ఆపైన రెండేళ్ళ ఎం.ఫిల్. ఉన్న మనిషి. ఎం.ఫిల్.నేమో 2022లో యూజీసీ ఎత్తేసింది. ఈ కోర్సుకు మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సోషల్ వర్కర్లను జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ మన కౌన్సెలరు ఎమ్మెస్‌డబ్ల్యూ చదివింది, ఎం.ఫిల్. చదవటానికి రెండేళ్ళు ఇల్లు వదిలి వెళ్ళే వీలు ఆమెకు ఎప్పుడూ లేదు. ఇరవై ఏళ్ళు మూడు భాషల్లో చేసిన పని చట్టం దృష్టిలో అర్హత కాదు. అర్హత ఉన్నవాళ్ళు పలాస వచ్చి ఉండరు. ఉండే మనిషికి అర్హత లేదు. ప్రమాణాలు తగ్గించమని నేనడగటం లేదు. తెలిసీతెలియక చేసే కౌన్సెలింగ్ ప్రాణాలు తీస్తుంది. పనిచేస్తున్నవాళ్ళకు ఉద్యోగంలో ఉంటూ చదివే దారి, జీతంతో సెలవు, అనుభవానికి లెక్క ఇవ్వమంటున్నాను. స్థానిక భాషలు రావటాన్ని ఒక అర్హతగా రాయమంటున్నాను. ఒడియా, సవర తెలిసిన అమ్మాయిలను చదివించి ఈ పనిలోకి తీసుకోమంటున్నాను. ఆశా కార్యకర్తలు గౌరవవేతనం పేరుతో ఎలా దోపిడీ అవుతున్నారో చూశాం. కౌన్సెలర్లను ఆ దారిన పంపొద్దు.

ఇది రాస్తున్నానని చెప్పి, ఏం రాయమంటావని ఆమెను అడిగాను. జీతం గురించో కాంట్రాక్టు గురించో చెబుతుందనుకున్నాను. కాసేపు ఆలోచించింది. కిందటి నెల పురుగుల మందు తాగి బతికిన ఒకామె సంగతి చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూడకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలైలో కొత్త న్యాయసంహిత వచ్చినప్పుడు పాత 309 సెక్షనే పోయింది. అయినా ఆమె మంచం పక్కకు ముందు వచ్చింది కానిస్టేబులు. తర్వాత అత్తగారు. మన కౌన్సెలరు వెళ్ళేసరికి చుట్టూ పదిమంది ఉన్నారు. ఆ అమ్మాయి ఒడియాలో ఏదో చెప్పబోయి, అందరినీ చూసి ఆగిపోయింది.

"మీరు రాస్తే ఒక్కటి రాయండి మేడమ్" అంది. "ఆస్పత్రిలో మాకొక గది కావాలి. పెద్దది అక్కర్లేదు. రెండు కుర్చీలు పడితే చాలు. తలుపుండాలి."